మీరడిగారు: జర్మనీలో ఆ రెండో పేరు ఏ భాషది?

ప్రశ్న: మా అబ్బాయి జర్మనీలో ఓల్డెన్‌బుర్గ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. దగ్గర్లో రామ్స్‌లో అనే ఊరికెళితే, బోర్డు మీద ఆ పేరు కింద ‘రోమెల్సె’ అని ఇంకో పేరు ఉందట. అది జర్మన్ యాసేనా? ఇప్పటికీ ఎవరైనా మాట్లాడుతున్నారా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: యాస కాదమ్మా, వేరే భాషే. ఆ ఊరున్న ప్రాంతం పేరు మీద జాటర్‌లాండ్ ఫ్రీసియన్ అంటారు, అక్కడివాళ్లు మాత్రం ‘సేల్టర్స్క్’ అంటారు. చుట్టరికం చూస్తే జర్మన్ కన్నా ఇంగ్లీషుకే దగ్గర. ఫ్రీసియన్ అనేది ఒక భాషల గుంపు, వాటిలో పెద్దది నెదర్లాండ్స్‌లో ఉంది, మాట్లాడేవాళ్లు లక్షల్లో ఉంటారు, అధికార హోదా కూడా ఉంది. ఇది అన్నిటికన్నా చిన్నది. మాట్లాడేది సుమారు 2,000 మంది, అంటే బెంజ్ సర్కిల్ దగ్గర ఓ పెద్ద పెళ్లికి వచ్చే జనం!

ఇన్నాళ్లు ఎలా బతికిందంటారా? బురద పుణ్యం. మధ్యయుగాల్లో సముద్రతీరం నుంచి వచ్చిన ఫ్రీసియన్లు ఇక్కడ ఇసుక దిబ్బల మీద ఊళ్లు కట్టుకున్నారు, చుట్టూ దిగితే మునిగిపోయే చిత్తడి నేలలే, ఏటి మీద పడవలోనో, చలికాలం నేల గడ్డకట్టాక నడిచో తప్ప 19వ శతాబ్దం దాకా బయటికి సరైన దారే లేదు. పైగా వీళ్లు క్యాథలిక్కులు, ఉత్తరాన ఉన్న ఫ్రీసియన్లు ప్రొటెస్టెంట్లు, కాబట్టి వియ్యాలూ తక్కువే. అక్కడివాళ్లు తమ ఫ్రీసియన్‌ను ఎప్పుడో వదిలేశారు, వీళ్లకు మాత్రం మిగిలింది. ఉన్న నాలుగు ఊళ్లలో మళ్లీ మూడు యాసలు, అది వేరే సంగతి!

తర్వాత రోడ్లొచ్చాయి, రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక తూర్పు నుంచి కాందిశీకులొచ్చి స్థిరపడ్డారు, ఇళ్లలో జర్మన్ పెరిగింది. మైనారిటీ భాషల యూరోపియన్ ఒప్పందం 1999లో జర్మనీలో అమల్లోకి రావడంతో దీనికీ రక్షణ దొరికింది. కిండర్‌గార్టెన్లలో, బడుల్లో కొంత నేర్పుతున్నారు. మంచిదే, కానీ ఇంట్లో అమ్మానాన్నలు మాట్లాడకపోతే వారానికి ఒకట్రెండు క్లాసులతో పిల్లలకు భాష వస్తుందని నేననుకోను. మన కాన్వెంట్ పిల్లల తెలుగు చూస్తూనే ఉన్నాంగా.

మీ అబ్బాయికి అక్కడి షాపుల్లో వినిపించేది జర్మనే. సేల్టర్స్క్ వినాలంటే పెద్దవాళ్లను పలకరించాలి. నేర్చుకుంటానంటే, అమెరికాలో పుట్టిన మారన్ ఫోర్ట్ అనే భాషావేత్త 1980లో వేసిన నిఘంటువు ఉంది, బైబిల్ కొత్త నిబంధనను ఆ భాషలోకి తెచ్చిందీ ఆయనే. కాకపోతే నిఘంటువులో అర్థాలు జర్మన్‌లో ఉంటాయి, ముందు అది రావాలి మరి.