చెరువు గట్టు మీద నింపే ఫారం

ప్రశ్న: మాది భీమవరం దగ్గర ఉండి మండలం. పన్నెండు వనామీ రొయ్యల చెరువులున్నాయి. రోజుకి నాలుగు పూటల మేత, రెండుసార్లు పీహెచ్, డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్), సెలినిటీ (ఉప్పదనం) అన్నీ కుర్రాళ్లు నోటు పుస్తకంలో రాస్తారు. పట్టుబడి అయ్యాక లెక్కలు కూడుకోవడానికి వారం పడుతోంది. మా అబ్బాయికి పైథాన్ ప్రోగ్రామింగ్ వచ్చు. ఫోన్‌లో నింపే ఫారం వాడితో చేయించుకోవచ్చా? ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: నిక్షేపంగా చేయించుకోవచ్చు. పైథాన్‌తో వెబ్ పేజీలు నడిపే ఫ్లాస్క్, ఒకే ఫైల్లో ఉండే డేటాబేస్ ఎస్‌క్యూలైట్ చాలు. మేతకి రోజుకి 48 వరసలు, నీటికి 24. పంట 120 రోజులు నడిచినా మొత్తం 8,640 వరసలే. ఎస్‌క్యూలైట్‌కి అది లెక్కలోకి రాదు.

అయితే అబ్బాయిని ముందు తెర గీయనివ్వకండి. మీ నోటు పుస్తకం తెరిచి పక్కన కూర్చోబెట్టండి. ఒకే పేజీలో మేతా నీరూ కలిపి రాసి ఉంటాయి కదా, టేబుల్ కూడా అలాగే ఒక్కటి చేస్తే సగం గళ్లు ఖాళీగా పడి ఉంటాయి. నాలుగు టేబుళ్లు పెట్టమనండి. మొదటిది చెరువులు: నంబరు, ఎకరాలు. రెండోది పంట: ఏ చెరువు, సీడ్ (రొయ్య పిల్లలు) వేసిన తేదీ, ఎంత సీడ్, పట్టిన తేదీ. మూడోది మేత: ఏ పంట, తేదీ, పూట, కిలోలు. నాలుగోది నీరు: ఏ పంట, కొలిచిన సమయం, పీహెచ్, డీఓ, సెలినిటీ. చాలామంది పంట టేబుల్ మానేసి మేతని నేరుగా చెరువు నంబరుకి కడతారు. మొదటి పంటకి తేడా తెలియదు. రెండో సీడ్ వేశాక పాత మేత, కొత్త మేత కలిసిపోయి ఎఫ్‌సీఆర్ (కిలో రొయ్యకి ఎన్ని కిలోల మేత పట్టిందన్న లెక్క) ఎందుకూ పనికిరాకుండా పోతుంది.

మేత టేబుల్లో పంట, తేదీ, పూట మూడూ కలిపి ఒక్కసారే ఉండాలని యూనిక్ నిబంధన పెట్టండి. గట్టు మీద సిగ్నల్ అంతంతమాత్రం. కుర్రాడు సేవ్ నొక్కుతాడు, చక్రం తిరుగుతూ ఉంటుంది, మళ్లీ నొక్కుతాడు. నిబంధన లేకపోతే 18 కిలోలు కాస్తా 36 అవుతాయి. ఉంటే రెండోది ఆగిపోతుంది. అప్పుడు తెర మీద ఎర్రర్ పడేయకుండా ‘ఈ పూట 18 కిలోలు రాసి ఉంది, మార్చాలా?’ అని అడిగించండి. సేవ్ అయ్యాక 303తో (వేరే పేజీకి వెళ్లమని సర్వర్ బ్రౌజర్‌కి చెప్పే కోడ్) వేరే పేజీకి పంపాలి. లేకపోతే పేజీ రిఫ్రెష్ చేసినప్పుడు అదే ఫారం మళ్లీ వెళ్తుంది.

ఇక ఫారం. పీహెచ్ గడికి నంబర్ టైపు పెట్టి వదిలేస్తే 7.8 కొట్టగానే బ్రౌజర్ ఒప్పుకోదు, దగ్గరి విలువలు 7, 8 అంటుంది. స్టెప్ (విలువ ఎంతెంత చొప్పున మారవచ్చో) చెప్పకపోతే అది 1 అనుకుంటుంది మరి. కుర్రాడు 8 కొట్టి వెళ్లిపోతాడు. నెల పోయాక చూస్తే పీహెచ్‌లన్నీ పూర్ణాంకాలే. స్టెప్ 0.1 పెట్టండి.

హద్దుల దగ్గర జాగ్రత్త. పీహెచ్ 14 దాటితే, కిలోలు మైనస్‌లో ఉంటే నిర్మొహమాటంగా తిప్పికొట్టండి. అలాగని డీఓ 4 కంటే తక్కువ తీసుకోనని మాత్రం రాయకండి. 2.1 వచ్చిందంటే ఏరియేటర్ల (నీటిలో గాలి కలిపే యంత్రాలు) వైపు పరుగెత్తాల్సిన సమయం అది. ఫారం వద్దంటే గట్టు మీదున్నవాడు 4 కొట్టేస్తాడు, మీకు కబురే అందదు. అసంభవమైన విలువని ఆపండి. అరుదైన విలువని మాత్రం ‘నిజమేనా?’ అని ఒక్కసారి అడిగి తీసుకోండి. 12.5 కిలోల బదులు 125 కొడితే నిన్నటి మేతతో పోల్చి అడిగేలా చేయండి.

ఖాళీ, సున్నా ఒకటి కావు. మేత మానేసిన పూట 0, రాయడం మర్చిపోయిన పూట ఖాళీ. ఖాళీ గడిని సున్నాగా మార్చే లైను కోడ్‌లో ఎక్కడున్నా తీసేయించండి.

ఈ తనిఖీలన్నీ సర్వర్‌లో కూడా ఉండాలి, బ్రౌజర్ తనిఖీని ఎవరైనా దాటేయవచ్చు. ఎస్‌క్యూఎల్‌లో (డేటాబేస్‌కి ఆదేశాలిచ్చే భాష) విలువల్ని వాక్యంలో అతికించకుండా ప్రశ్నార్థకం గుర్తులు పెట్టి విడిగా పంపాలి. బ్యాకప్‌కి నడుస్తున్న డేటాబేస్ ఫైలుని ఉత్తినే కాపీ చేయకండి, ఎస్‌క్యూలైట్ బ్యాకప్ ఆదేశం వాడండి.

ప్రశ్న: మాది రాజోలు. ఇలాంటి ఫారమే వాడుతున్నాం. తెల్లవారుజామున 4:30కి తీసిన డీఓ ముందు రోజు కింద పడుతోంది. ఆరింటి తర్వాత రాసినవి సరిగ్గానే ఉంటున్నాయి. తప్పెక్కడ?

జవాబు: ఎస్‌క్యూలైట్ తనంతట తాను వేసే సమయం మన గడియారం కాదు, యూటీసీ (ప్రపంచమంతటికీ ప్రామాణిక సమయం). మనం దానికి 5:30 గంటలు ముందున్నాం. మీ 4:30 దానికి ముందు రాత్రి 11:00. పొద్దున్న 5:30 దాటాక తేదీ కలుస్తుంది కాబట్టి పగటి లెక్కల్లో తప్పు కనబడదు. డీఓ అడుగంటేది తెల్లారేముందే కాబట్టి, చూడాల్సిన రీడింగే తప్పు రోజులో పడుతోంది.

పైథాన్ 3.9 నుంచి ఉన్న జోన్‌ఇన్ఫో (ఏ ప్రాంతంలో ఎంత సమయమో చెప్పే మాడ్యూల్)తో ‘ఏషియా/కోల్‌కతా’ సమయం తీసుకుని రాయండి. విండోస్ కంప్యూటర్ అయితే టీజెడ్‌డేటా ప్యాకేజీ కూడా వేసుకోవాలి, లేకపోతే ఆ పేరే దొరకదంటుంది. పాత వరసలకి బ్యాకప్ తీసుకుని 5:30 కలపండి. కలిపేది ఒక్కసారే, అదీ ఆటోమేటిక్‌గా పడ్డ వాటికే. తేదీకి వేరే కాలమ్ ఉంటే దాన్ని కూడా సవరించిన సమయం నుంచి మళ్లీ తీయండి. ఇకనుంచి కొలిచిన సమయం, ఎక్కించిన సమయం రెండు కాలమ్‌లుగా ఉంచండి. 4:30కి కొలిచి, టీ తాగి ఏడింటికి ఎక్కించేవాళ్లు ఉంటారు.

ప్రశ్న: కడియంలో నర్సరీ మాది. ఫారంలో మొక్కల పేర్లు తెలుగులోనే కొడతాం, తెర మీద బాగుంటాయి. సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టిక ఫైలు) దించి ఎక్సెల్‌లో తెరిస్తే పిచ్చి గీతలు. పైగా నందివర్ధనం రెండు వరసల్లో వస్తోంది.

జవాబు: డేటా భద్రంగానే ఉంది, ఎక్సెల్ దాన్ని వేరే లిపిగా చదువుతోంది. పైథాన్‌లో సీఎస్‌వీ రాసేటప్పుడు ఎన్‌కోడింగ్ (అక్షరాల్ని ఫైల్లో దాచే పద్ధతి) యూటీఎఫ్-8 బదులు యూటీఎఫ్-8-సిగ్ అని ఇవ్వండి. ఫైలు మొదట్లో పడే చిన్న గుర్తుని చూసి ఎక్సెల్ తెలుగుని పోల్చుకుంటుంది.

రెండో చిక్కు పేరు కొట్టడంలో ఉంది. ఒకరు నందివర్ధనం అని దకి ఒత్తు పెడతారు, ఇంకొకరు నందివర్దనం అంటారు. వెనక ఖాళీ స్పేస్ ఒక్కటి పడినా కంప్యూటర్‌కి అది వేరే మొక్కే. మొక్కల టేబుల్ ఒకటి పెట్టి, పేరు అందులోంచి ఎంచుకునేలా చేయండి. కొత్త మొక్క చేర్చే హక్కు ఒక్కరికే ఉంచండి. ఇప్పటికే పడ్డ రెండు రూపాల్లో ఒకదాన్ని ఖాయం చేసి, రెండోదాని వరసలన్నీ దానికి మార్చాకే ఆ టేబుల్‌కి యూనిక్ నిబంధన వేయండి. ముందే వేస్తే నిబంధన రెండిటినీ వేర్వేరు మొక్కలుగానే ఒప్పుకుంటుంది.