డ్రెస్డెన్‌లో సైకిల్ మీద ఒక రోజు: సిటీని చివరికి ఉంచుకోండి

జూలైలో జర్మనీలోని డ్రెస్డెన్ వస్తున్నామని, అద్దె సైకిళ్లతో ఒక్క రోజులో ఊరూ పల్లెలూ రెండూ చూడాలంటే ఎటు నుంచి మొదలుపెట్టాలో చెప్పమని అడిగారు. నేను అక్కడ ఉద్యోగం చేసిన రోజుల్లో వేసవి ఆదివారాలు ఎక్కువగా ఎల్బె నది ఒడ్డునే గడిచాయి. నేను చెప్పేది ఒకటే, సిటీ నుంచి తొక్కడం మొదలుపెట్టకండి. పొద్దున్నే సైకిళ్లతో రైలెక్కి ఎగువకి వెళ్లిపోయి, నది వెంట సాయంత్రానికి సిటీలోకి రండి.

ఎస్1 లోకల్ రైలు ముప్పావు గంటలో బాడ్ షాండావ్‌లో దింపుతుంది. సైకిల్‌కి విడిగా టికెట్ తీసుకోవాలి. ఎండ కాసే శని, ఆదివారాల్లో బోగీలో సైకిళ్ల చోటు తొందరగా నిండిపోతుంది, అందుకే వీలైనంత పొద్దున్నే రైలు చూసుకోండి. స్టేషన్ బయటే నది, దాని పక్కనే ఎల్బె సైకిల్ దారి. చెక్ కొండల నుంచి ఉత్తర సముద్రం దాకా సాగే ఆ దారిలో మీరు తొక్కేది సుమారు 45 కిలోమీటర్లే. దాదాపు అంతా చదును.

కాసేపటికి కొండ మీద కోనిగ్‌స్టైన్ కోట కనిపిస్తుంది. కింద నుంచి చూసి ముందుకు సాగండి, సమయమంతా రాటెన్ అనే ఊరికి ఇవ్వండి. అక్కడ నది దాటించే పడవకి ఇంజిన్ లేదు. పొడవాటి తీగతో నదిలో లంగరేసి ఉంటుంది. పడవని కాస్త ఏటవాలుగా తిప్పితే ప్రవాహమే దాన్ని అవతలి ఒడ్డుకి నెడుతుంది. సైకిళ్లకి ఇవతలే తాళం వేసి దాటండి. అడవిలో మెట్లెక్కితే బాస్టై వంతెన, 1851లో ఇసుకరాతి శిఖరాల మధ్య కట్టింది. అక్కడ నుంచి చూస్తే నది 194 మీటర్ల కింద మెలిక తిరుగుతూ ఉంటుంది, మీరు వచ్చిన దారి సన్నటి గీతలా కనిపిస్తుంది. ఎండ ముదరకముందే ఎక్కితే హాయి.

పడవలో వెనక్కి వచ్చి ముందుకి తొక్కితే పిర్నా ఊరు. అక్కడి పాత వీధుల్లో రాళ్లు పరిచి ఉంటాయి, దిగి నడవడం మేలు. తర్వాత క్లైన్‌చాఖ్‌విట్స్ దగ్గర సైకిళ్లతోనే పడవెక్కితే అవతల పిల్నిట్స్ రాజభవనం, దాని తోటలు. అక్కడ నుంచి కుడి ఒడ్డున వెళ్తే 1893 నాటి బ్లూ వండర్ ఇనుప వంతెన వస్తుంది. దాన్ని దాటి ఎడమ ఒడ్డుకి రండి. ఇక్కడ నుంచి తొందరపడకండి. విశాలమైన గడ్డి మైదానాలు, ఎదురు గట్టున ద్రాక్షతోటలు, మూడు కోటలు. ఈ లోయకి 2004లో యునెస్కో గుర్తింపు వచ్చింది. మధ్యలో వాల్డ్‌ష్లోస్‌షెన్ వంతెన కడుతున్నారని 2009లో ఆ గుర్తింపు తీసేశారు. ఆ గడ్డిలో నిలబడి చూస్తే ఆ వంతెన మీద అంత గొడవ ఎందుకు జరిగిందో తెలుస్తుంది. నాకైతే ఇప్పటికీ బాధే.

జూలైలో రాత్రి తొమ్మిది దాకా వెలుతురు ఉంటుంది. అగస్టస్ వంతెన మీదుగా నది అవతల ఉన్న నోయ్‌స్టాట్ వైపుకి వెళ్లి వెనక్కి చూడండి. 1945లో కూలి 2005లో మళ్లీ తెరుచుకున్న ఫ్రావెన్‌కిర్షె చర్చి గుమ్మటం, పాత ఊరు మొత్తం నది మీద వరసగా కనిపిస్తాయి. పగలంతా పొలాలూ కొండలూ దాటి వచ్చాక చూస్తే, ఈ ఊరిని ఇక్కడే ఎందుకు కట్టుకున్నారో అర్థమవుతుంది.

మైదానాల్లో నీడ తక్కువ, టోపీ, నీళ్లు మరిచిపోకండి. సైకిల్ తీసుకునేటప్పుడే ముందూ వెనకా లైట్లు వెలుగుతున్నాయో లేదో చూసుకోండి, జర్మనీలో అది చట్టం. పిల్లలు అలసిపోతే టెన్షన్ పడక్కర్లేదు, పిర్నాలోనే మళ్లీ ఎస్1 ఎక్కేయొచ్చు.