రెండు కళ్లూ ఒకే పక్కనున్న చేప

ప్రశ్న: మొన్న ఆదివారం ఇక్కడి చేపల మార్కెట్లో, బందరు నుంచి వచ్చిన సరుకులో పలకలాంటి చేపలు రెండు చూశాను. రెండు కళ్లూ ఒకే పక్కన ఉన్నాయి. ఒకదానికి కుడి పక్కన, ఇంకొకదానికి ఎడమ పక్కన. రెండో పక్క పాలిపోయి ఉంది. నోరు పెద్దది, పళ్లు సూదుల్లా ఉన్నాయి. అది జబ్బేమోనని కొనకుండా వచ్చేశాను. తినవచ్చునా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అది జబ్బు కాదు. చేప తాజాగా ఉంటే నిస్సంకోచంగా వండుకోవచ్చు. ఒకదానికి కుడి పక్కన, ఇంకొకదానికి ఎడమ పక్కన కళ్లున్నాయని మీరు గమనించి రాయడం ఎంతో మేలయింది, ఎందుకంటే ఈ చదును చేపల్లో చాలా జాతులకు కళ్లు ఏ పక్కకు చేరాలో దాదాపు స్థిరంగా ఉంటుంది. మన తీరంలో దొరికే నాలుక చేపలకు ఎడమ పక్కనే ఉంటాయి. రెండు రకాలూ సమానంగా కనిపించే జాతి, అందులోనూ పెద్ద నోరు, పదునైన పళ్లు ఉన్నది అంటే, అది ఇండియన్ హాలిబట్ అయివుండాలి. శాస్త్రీయ నామం సెట్టోడెస్ ఎరుమై. తరంగంబాడి తమిళ జాలరులు దీన్ని ‘ఎరుమై నాక్కు’, అంటే ఎనుము నాలుక, అనేవారు; 1801లో పేరు పెట్టినవారు ఆ మాటనే తీసుకున్నారు.

గుడ్డు నుంచి వచ్చినప్పుడు దీని పిల్ల అన్ని చేపల్లాగే తలకు చెరొక పక్కన కన్నుతో నిటారుగా ఈదుతుంది. ఎదిగేకొద్దీ పుర్రె మెలితిరిగి, ఒక కన్ను నెత్తి మీదుగా రెండో పక్కకు జరుగుతుంది, ఆ తర్వాత చేప కన్ను లేని పక్కను నేలకు ఆనించి పడుకుని, ఇసుకలో కలిసిపోయి చిన్న చేపల కోసం పొంచి ఉంటుంది. అయితే ఈ జాతిలో జరిగిన కన్ను నెత్తి అంచు దగ్గరే ఆగిపోతుంది. వీపు మీది రెక్క కూడా, మిగతా చదును చేపల్లోలాగా తల మీదికి పాకకుండా, కళ్ల వెనుకనే మొదలవుతుంది. అందుకే శాస్త్రజ్ఞులు దీన్ని ఆ కుటుంబాల్లో కెల్లా పాత పోలికలు ఎక్కువగా మిగుల్చుకున్నదిగా చూస్తారు.

జీవులు తరతరాలుగా కొద్దికొద్దిగా మారుతూ వచ్చాయన్న డార్విన్‌ను, అలాగైతే సగం దూరమే జరిగిన కన్ను వల్ల చేపకు ఏం లాభమని ఆయన కాలంలోనే నిలదీశారు. దాదాపు 5 కోట్ల ఏళ్ల నాటి శిలాజాల్లో అచ్చంగా అలా సగం జరిగిన కన్నున్న చేపలను 2008లో వివరించారు. అవి అప్పటికే ఎదిగిన చేపలు, అంటే ఆ సగం కన్నుతోనే బతికినవి.

ఈసారి కనిపిస్తే మొప్పలు ఎర్రగా ఉన్నాయేమో చూసి కొనండి, శుభ్రం చేసేముందు పైకన్ను తల అంచున ఎలా నిలిచిందో వేలితో తడిమి చూడండి.