సముద్రం గురించి జనం నిజంగా పట్టించుకోరా? వైజాగ్ నుంచి నా జవాబు

మీరు అడిగింది ఇది: "సముద్రాలు పాడైపోతున్నాయని ఇన్నేళ్ళుగా చెబుతున్నా జనంలో చలనం ఎందుకు లేదు? తీరంలో ఉండేవాళ్ళకైనా ఆ మార్పు తెలుస్తోందా?"

చలనం లేదంటే నేను ఒప్పుకోను. ఉంది. కాకపోతే కంటికి కనబడే దాని దగ్గరే ఆగిపోతోంది. నేను చినవాల్తేరులో పుట్టి పెరిగాను. ఏడేళ్ళుగా ఆదివారం పొద్దున్నే బీచ్ శుభ్రం చేసేవాళ్ళతో వెళ్తున్నాను. అక్కడ చూసిందే చెబుతాను.

రెండేళ్ళ క్రితం ఫిబ్రవరిలో సాగర్‌నగర్ దగ్గర ఒక ఆలివ్ రిడ్లే తాబేలు చచ్చిపడి ఉంది. మెడకీ ముందు రెక్కకీ నైలాన్ వల ముక్క చుట్టుకుని ఉంది. ఈ తాబేళ్ళు చలికాలం చివర్లో గుడ్లు పెట్టడానికి మన ఒడ్డుకి వస్తాయి. వలల్లో చిక్కుకుంటే పైకి వచ్చి గాలి పీల్చుకోలేవు, ఊపిరాడక చనిపోతాయి. పది నిమిషాల్లో ముప్పైమంది దాకా పోగయ్యారు. చాలామంది ఫోటోలు తీశారు. ఒక కుర్రాడు కళ్ళనీళ్ళ పర్యంతమై "ఈ వలలవాళ్ళని జైల్లో పెట్టాలి" అన్నాడు. అంతలో ఒక ముసలావిడ గుంపుని తోసుకుని వచ్చి, దాని కళ్ళ మీద ఇసుకని కొంగుతో తుడిచి, "కూర్మనాథా, తప్పయిపోనాది తండ్రీ" అని దండం పెట్టింది. శ్రీకూర్మం స్వామిని కొలిచే ప్రాంతం కదా మనది. తర్వాత తెలిసింది, ఆవిడది పెదజాలారిపేట. ఇద్దరు కొడుకులూ చేపల వేటకెళ్తారు. కుర్రాడు జైల్లో పెట్టమన్నది వాళ్ళనే. ఆ రోజు అక్కడ ఎక్కువ బాధపడింది ఎవరంటే నేను ఆవిడ పేరే చెబుతాను.

చెత్త విషయంలోనూ జనం కదులుతారు. 2022 ఆగస్టులో ఒకే రోజు మా బీచ్ పొడవునా వేలమంది చెత్త ఏరారు, రాష్ట్రంలో ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధం ప్రకటించింది కూడా ఆ రోజే. నేనూ వెళ్ళాను. ఆ ఉత్సాహం నిజమైనదే. కానీ పెద్ద వాన పడ్డ మర్నాడు వచ్చి చూడండి. ఊళ్ళోని గెడ్డలన్నీ, అంటే వాననీటి కాలవలు, షాంపూ ప్యాకెట్లు, బాటిళ్ళు, థర్మాకోల్ ముక్కలు, తెగిన చెప్పులు మోసుకొచ్చి ఒడ్డున పోస్తాయి. మేం ఏరేది సముద్రం వెనక్కి నెట్టింది మాత్రమే, లోపలికి పోయింది పోయినట్టే.

ఇక వేడి సంగతి. దాన్ని ఏ సంచీలోనూ ఎత్తలేం, ఎవరూ ఫోటో తీయలేరు. కర్బన వాయువుల వల్ల భూమ్మీద చేరిన అదనపు వేడిలో సుమారు 90 శాతం సముద్రాల్లోకే వెళ్ళింది. మనం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు నాలుగో వంతు కూడా వాటిలోకే పోతోంది. దానివల్ల పారిశ్రామిక యుగం మొదలైనప్పటి నుంచి పైనీటి ఆమ్లత సుమారు 30 శాతం పెరిగింది. గుల్లలూ పగడాలూ పెంకు కట్టుకోవడానికి అవస్థ పడుతున్నాయి. వేడికి పగడాలు తెల్లబడిపోవడం ప్రపంచమంతటా నాలుగోసారి జరుగుతోందని 2024 ఏప్రిల్‌లో ప్రకటించారు. ఆ వారం మా ఆఫీసులో ఒక్కరూ ఆ మాట ఎత్తలేదు. వాళ్ళని తప్పుపట్టను, పగడాలు మా ఒడ్డున కంటికి కనబడవు.

మన బంగాళాఖాతానికి ఇంకో ఇబ్బంది ఉంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ, ఇన్ని నదుల మంచినీళ్ళు ఇందులోనే పడతాయి. మంచినీరు తేలిక కాబట్టి ఉప్పునీటి మీద మూతలా పరుచుకుంటుంది. పైన వేడెక్కేకొద్దీ ఆ మూత బిగుసుకుంటుంది. చేపకి మేత పుట్టాలంటే అడుగునున్న పోషకాలు పైకి రావాలి. వేసవి ముందు గాలులు ఒడ్డు వెంబడి వీచేటప్పుడు మన తీరంలో అడుగు చల్లనీరు పైకి వస్తుంది. ఈ సంగతిని ఆంధ్రా యూనివర్సిటీలో 1950ల్లోనే పరిశోధించారు. మూత బిగిస్తే ఆ రాక కష్టమవుతుంది. పైగా వంద మీటర్ల పైచిలుకు లోతున ఈ అఖాతంలో ఆక్సిజన్ ముందునుంచీ చాలా తక్కువ. తుఫానుకి బలం కూడా వేడి నీళ్ళ నుంచే వస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పటి గాలి మా ఊళ్ళో అందరికీ గుర్తే, ఆ గాలి వెనక ఉన్న నీటి వేడి గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ.

ఈ మూత సంగతి మా ఇంటికి పాతికేళ్ళుగా చేపలు తెచ్చే పిన్నికి ఒకసారి చెప్పాను. శ్రద్ధగా విని ఇలా అంది: "మీరు సదూకున్న లెక్క సెప్తన్నారు బాబూ. మావోడు డీజిలు లెక్క సెప్తాడు. ఒకప్పుడు డాల్ఫిన్ నోస్ కొండ కనబడీ కాడే కవళ్ళు దొరికీవి. ఇప్పుడు కొండ మాయమైపోయినా ఎల్తానే ఉండాల."

అంతా వేడి వల్లే అని నేననను. మర బోట్లు పెరిగాయి. పిల్ల చేపల్ని కూడా ఊడ్చేసే చిన్న కన్ను వలలున్నాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర బోట్లకి వేట నిషేధం పెట్టింది చేపలు గుడ్లు పెట్టి పెరగడానికే. దొరికేది తగ్గితే మనుషుల మధ్య కూడా చిచ్చు రేగుతుంది. 2022 జనవరిలో చేపల గుంపుని చుట్టూ కమ్మేసి పట్టే రింగు వలల గొడవలో ఇక్కడ పడవలు తగలబడ్డాయి. ఊళ్ళో చాలామంది దాన్ని రెండు పేటల కొట్లాటగానే చూశారు. నాకైతే సముద్రం గురించి ఈ ఊళ్ళో వచ్చిన అతి పెద్ద ప్రతిస్పందన అదే అనిపిస్తుంది. దాన్ని ఆ పేరుతో ఎవరూ పిలవలేదు, అంతే.

తాబేలు చనిపోయిన తర్వాత మా గుంపువాళ్ళం ఒడ్డున పడవలు ఆపే చోట నాలుగు గోతాలు కట్టాం, వలలు బాగుచేసుకునేటప్పుడు తెగిన ముక్కలు అందులో వేయమని. నెల రోజులు ఒక్కరూ వేయలేదు. ఊరివాళ్ళు ఎప్పుడొచ్చినా తిట్టడానికే వస్తారని వాళ్ళకో అనుభవం ఉంది మరి. మొదట వేసింది ఆ ముసలావిడ పెద్దకొడుకు. ఇప్పుడు రెండు వారాలకోసారి గోతాలు మారుస్తున్నాం. తాబేలు గుడ్లున్న చోటు కనబడితే, వాటిని కాపాడి పొదిగించే అటవీశాఖ హేచరీకి కబురు పెట్టమని మాకు ఫోన్ చేసేది కూడా ఎక్కువగా వాళ్ళే.

తీరంలో ఉండేవాళ్ళకి తెలుస్తోందా అని అడిగారు కదా. మీరెక్కడున్నా సరే, ఈసారి చేపలు కొనేటప్పుడు వేటకి ఎంత దూరం వెళ్ళొచ్చారో అడిగి చూడండి. మొన్న ఆదివారం మా పిన్నిని అడిగాను. రాత్రి రెండింటికి వెళ్ళిన పడవ మధ్యాహ్నం మూడింటికి తిరిగొచ్చిందట. తెచ్చింది సగం గంప కానాగంతలు.