‘గ్రో’ అన్నచోటల్లా ‘పెరుగు’ కాదు

విజయనగరం

చిరంజీవికి ఆశీస్సులు.

నీవు పంపిన అనువాద కథ రెండుసార్లు చదివానమ్మా. కథనం చక్కగా సాగింది. అయితే ఇంగ్లీషు మూలంలో ‘గ్రో’ అనే క్రియ కనబడిన ప్రతిచోటా ‘పెరుగు’ అనే రాయడం వల్ల, నీ కథలో చీకటి పెరిగింది, తాతగారి ముసలితనం పెరిగింది, కథానాయకుడి వ్యాపారం కూడా అతని గడ్డంలాగే పెరిగింది.

పాత ఇంగ్లీషులో ఈ ‘గ్రో’ ప్రధానంగా మొక్కల మాట. ‘గ్రీన్’, ‘గ్రాస్’ దీని తోబుట్టువులే. మనుషులు, పశువులు పెరగడానికి ‘వాక్స్’ అనే వేరే క్రియ ఉండేది. అది వాడుకలో వెనకబడి, ఇప్పుడు ముఖ్యంగా శుక్లపక్ష చంద్రుడి ప్రస్తావనలోనే వినబడుతోంది. దాని పని కూడా నెత్తిన వేసుకున్న ‘గ్రో’, కాలక్రమేణా ‘అగు’ అనే అర్థాన్ని కూడా సంపాదించుకుంది. అందుకే ఇంగ్లీషువారు ‘గ్రో స్మాలర్’ అని నిస్సంకోచంగా అంటారు. అక్కడ పెరగడమన్న ఊసే లేదు, చిన్నదవుతూ రావడమే ఉంది. ఆ లెక్కన ‘గ్రూ డార్క్’ అంటే చీకటి పడింది, ‘గ్రూ ఓల్డ్’ అంటే ముసలివాడయ్యాడు. ఒక పాట ‘గ్రూ ఆన్ మీ’ అని కథానాయిక అన్నచోట, ఆ పాట ఆమెకు వినగా వినగా నచ్చింది.

ఇక నిజంగా పెరిగేవాటి సంగతి. మన వైపు ఉభాలు (వరినాట్లు) అయ్యాక నారు మూన తిరుగుతుంది, దుబ్బు కడుతుంది, ఆపైన పొట్టకు వస్తుంది. పాదు మీద గుమ్మడికాయ ఊరుతుంది, బీరకాయ ముదురుతుంది, దెబ్బ తగిలిన కాలు వాస్తుంది, వానలు పడితే నాగావళి పొంగుతుంది. ధరలు మాత్రం ఉత్తినే పెరుగుతాయి. గోళ్లు, జుట్టు పెరుగుతాయి గాని ఎదగవు; మనిషి పెరగనూ వచ్చు, ఎదగనూ వచ్చు, ఒకటి జరిగి రెండోది జరగకపోనూ వచ్చు. ఈ తేడాను చెప్పడానికి ఇంగ్లీషుకు ‘అప్’ తోడు కావాలి. (గిన్నెలోని పెరుగు గొడవ అదనంగా మనకే ఉంది. ‘పెరుగు పెరిగింది’ అని రాసే ముందు ఒకసారి పైకి చదువుకో.)

సకర్మక ప్రయోగంలో ఇంకాస్త జాగ్రత్త అవసరం. పంటల విషయంలో ఇంగ్లీషులో ఇది పాతదే. వ్యాపారాన్ని ‘గ్రో’ చేయడం మాత్రం ఈ మధ్యది. 1992 అమెరికా ఎన్నికల ప్రచారంలో బిల్ క్లింటన్ ఆర్థిక వ్యవస్థను ‘గ్రో’ చేస్తామన్నప్పుడు, ఆ ప్రయోగం అక్కడి భాషాభిమానులు చాలామందికి రుచించలేదు. తెలుగులో వరిని పండిస్తాము, గడ్డం పెంచుతాము, వ్యాపారాన్ని వృద్ధి చేస్తాము. పిల్లలనూ మేకలనూ కూడా మనం పెంచుతాము గాని, ఇంగ్లీషులో వారిని ‘గ్రో’ చేయరు, ‘రెయిజ్’ చేస్తారు. నీవు తిరిగి ఇంగ్లీషులోకి రాసేటప్పుడు పొరపాటు జరిగేది ఇక్కడే.

ఏడో పేజీలో, ఆరేళ్ల తరువాత గుమ్మంలో నిలబడ్డ కొడుకును చూసి తల్లి అన్న మాటను నీవు ‘నువ్వు పెరిగావు’ అని రాశావు. మన శ్రీకాకుళం తల్లి అయితే ‘ఎంత పొడుగైపోనావురా’ అంటుంది. అనువాదంలో యాస వద్దనుకుంటే ‘ఎంత పొడుగయ్యావురా’ అని దిద్ది, ఆ పేజీ ఒక్కటి నాకు మళ్లీ పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు