అమ్మమ్మ ఇంటి ఇత్తడి, కంచు సామాను, వెండి రూపాయలు తూకానికి ఇచ్చేయాలా, వస్తువుగా అమ్మాలా?

మీరు చెప్పినవి రెండు మరచెంబులు, తాంబూలపు పెట్టె, కంచు గిన్నెలు, తెల్లపూల నల్లకూజా, 11 వెండి రూపాయలు. పాతసామాన్లవాడు అన్నిటికీ కలిపి తూకం ధర చెప్పాడన్నారు. ఇవ్వకండి. అలాగని చింతపండు పెట్టి తోమనూ వద్దు. పాత వస్తువులు కొనేవాళ్లు చూసేది ఆ ముదురు రంగునే. తోమి తళతళలాడించాక నిన్న కొన్న చెంబుకీ దానికీ తేడా చూపించడం కష్టం. పొడిగుడ్డతో తుడిచి, పొడిపొడిగా రాలే పచ్చ చిలుమును మాత్రం వెదురుపుల్లతో గీకండి.

నల్లకూజా మీద పూలు వెండివైతే అది బిద్రీ పని. జింకులో కాస్త రాగి కలిపి పోత పోసి, బీదరు కోట మట్టి, నవాసాగరంతో ఆ నలుపు తెప్పిస్తారు. పులుపు తగిలితే నలుపు పోతుంది, ఇంట్లో మళ్లీ తెప్పించలేం. ఒక చుక్క కొబ్బరినూనె రాసి తుడిస్తే చాలు.

కంచు గిన్నెను వేలి కొసల మీద నిలబెట్టి గోటితో మీటండి. బాగున్నది కంగుమని మోగి, ఆ మోత కాసేపు నిలుస్తుంది. చప్పున ఆగిపోతే కంటికి కనపడని బీట ఉన్నట్టే. కంచు ఇత్తడిలా సొట్టపడదు, పగులుతుంది. బీట ఉంటే దాచకుండా చెప్పి అమ్మండి.

చెంబు మెడ కింద చుక్కచుక్కలుగా కొట్టించిన పేరు, ఇంటిపేరు, ఊరు ఉన్నాయేమో చూడండి. చాలామంది అది మచ్చ అనుకుని అరగదీయిస్తారు. వస్తువు ఏ ఊరిదో చెప్పే ఆధారం అదొక్కటే కావచ్చు. దానికి విడిగా దగ్గరి ఫొటో తీయండి, అడుగుభాగానికి కూడా. సుత్తి దెబ్బలుంటే చేతిపని. సన్నటి వలయాలు మాత్రమే ఉంటే మిషను మీద తిప్పింది కావచ్చు.

రూపాయలు ఒక్కోటీ డిజిటల్ కాటా మీద పెట్టండి. విక్టోరియా, ఎడ్వర్డు, అయిదో జార్జి రూపాయి 11.66 గ్రాములు, అంటే పాత లెక్కలో సరిగ్గా తులం. అందులో వెండి 91.7 శాతం. అరిగినవి కాస్త తగ్గుతాయి. 1940 నుంచి 1945 దాకా వచ్చిన ఆరో జార్జి రూపాయిలో వెండి సగమే. 1946, 1947వి నికెలువి, అయస్కాంతానికి అంటుకుంటాయి. అన్నిటికీ ఒకే ధర కట్టేవాడికి ఇస్తే నష్టం మీకే. 1911 నాటి జార్జి రూపాయి ఉంటే పక్కన పెట్టండి. రాజుగారి అంగీ మీది ఏనుగు పందిలా ఉందని గొడవై దాన్ని వెనక్కి తీసుకున్నారు, అందుకే గిరాకీ ఎక్కువ. పాత నాణేనికి లక్షలిస్తామని ఫోన్ చేసి ముందు కమీషనో పన్నో కట్టమంటే అది మోసమే. తమ పేరుతో ఇలా జరుగుతోందని రిజర్వు బ్యాంకే 2021లో హెచ్చరించింది.

ధర విషయానికొస్తే, ఆ రోజు లోహం రేటు మీ కనీస ధర. దీపపు కుందెల్లో లోపల లక్కో ఇనుప కడ్డీయో ఉండవచ్చు, ఆ బరువు తీసేసి లెక్కేసుకోండి. నిజం చెప్పాలంటే మామూలు చెంబుకి లోహం ధర మీద పెద్దగా రాదు. మీ దాంట్లో ధర పైకి లేచేవి రెండే: బిద్రీదైతే ఆ కూజా, ఇంకా లోపలి గిన్నెలు, సున్నపుకాయ అన్నీ ఉంటే ఆ తాంబూలపు పెట్టె. సెట్టును విడగొట్టి అమ్మకండి. హైదరాబాదు జుమ్మెరాత్ బజారులో ధర అడిగి చూడొచ్చు, మొదటి మాటకే ఒప్పుకోకండి.

నూరేళ్లు దాటిన లోహ విగ్రహాలుంటే పురావస్తు శాఖ దగ్గర నమోదు కావాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం అలాంటి ప్రాచీన వస్తువులను మనబోటివాళ్లం విదేశాలకు పంపకూడదు, అమెరికాలోని అక్కకైనా సరే. ఏనుగు దంతం అమ్మకం పూర్తిగా నిషిద్ధం.

కొన్నవాడు డబ్బు వేస్తానంటూ యూపీఐ పిన్ కొట్టమంటే ఫోన్ పెట్టేయండి, డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. మరచెంబును కొరియర్లో పంపేటప్పుడు మూత విప్పి విడిగా చుట్టండి. బిగించి పంపితే ఎక్కడో పడి మూతి సొట్టపోతుంది. మర పట్టని చెంబు ఇక తూకానికే.