ఎంబీబీఎస్ ఆపేసి మాస్కోలో సినిమా చదువుతాడట, ఏం చెప్పాలి?

ప్రశ్న: మాది ఖమ్మం దగ్గర, ఎరువుల షాపు. మా అబ్బాయి రష్యాలో ఎంబీబీఎస్ మూడో సంవత్సరం. ఇప్పటికి 16 లక్షలు దాటింది, అందులో సగం బ్యాంకు లోను. పోయిన నెల ఫోన్ చేసి "నాన్నా, ఇది ఆపేస్తా, మాస్కోలో సినిమా స్కూల్లో చేరతా, యాక్టింగ్ డైరెక్షన్ రెండూ చేస్తా" అన్నాడు. ఎవరో మెన్షోవ్ అట, ఆయన కూడా సీటు రాక గనిలో పనిచేసి చివరికి ఆస్కార్ కొట్టాడట, ఎప్పుడు ఫోన్ చేసినా ఆయన గొడవే. వాళ్లమ్మ సరిగ్గా అన్నం తినట్లేదు. అసలు ఆ మెన్షోవ్ ఎవరు, మావాడికి ఏం చెప్పాలి?

జవాబు:

నమస్తే అండి. ముందు అమ్మగారిని అన్నం తినమనండి, వాడింకా ఏమీ మానెయ్యలేదు కదా, అడిగాడంతే. ఇంట్లో చెప్పకుండా కాలేజీ మానేసి, ఏడాదిన్నర ఫీజు డబ్బులు తెప్పించుకుంటూ గడిపేసిన పిల్లల్ని కూడా చూశాను నేను, ఆ లెక్కన మీవాడు ఫోన్ చేసి చెప్పడమే నయం. ఆ ఫోన్ రాకుండా చేసుకోకండి అరిచి.

ఇక మెన్షోవ్ సంగతి. మీవాడు చెప్పింది అబద్ధం కాదండి, కాకపోతే ట్రైలర్ కట్ చేసినట్టు చెప్పాడు. వ్లదీమిర్ మెన్షోవ్ అని, 1939లో బాకూలో పుట్టాడు, 2021 జూలైలో కోవిడ్‌తో పోయాడు, రష్యాలో ఆయన పేరు తెలియని ఇల్లు ఉండదు. ఆయన తీసిన "మాస్కో కన్నీళ్లను నమ్మదు" అనే సినిమాకి 1981లో ఆస్కార్ వచ్చింది, విదేశీ భాషా చిత్రం కేటగిరీలో, అదీ ఆ ఏడాది జపాన్ పెద్ద డైరెక్టర్ కురొసావా సినిమా, ఫ్రాన్స్ పెద్ద డైరెక్టర్ త్రుఫో సినిమా పోటీలో ఉండగా. అవార్డు తీసుకోడానికి ఆయన్ని దేశం దాటనివ్వలేదు, ఎంబసీ మనిషి ఎవరో వెళ్లి తీసుకున్నారు, బొమ్మ ఆయన చేతికి రావడానికి ఇంకా ఏళ్లు పట్టింది. వాళ్ల దేశంలో ఆ సినిమాకి 8 కోట్ల పైన టికెట్లు తెగాయి. అప్పటి విమర్శకుల్లో చాలామంది ఇదేం మెలోడ్రామా అని చులకనగా మాట్లాడారు, అది వేరే విషయం.

ఆ సినిమా నేను రెండుసార్లు చూశాను, మీరు కూడా ఒక ఆదివారం సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూడండి, ఎందుకంటే మీవాడి బుర్రలో ఏం తిరుగుతోందో అందులోనే ఉంది. 1958లో ముగ్గురు అమ్మాయిలు ఊళ్ల నుంచి మాస్కో వచ్చి ఒక వర్కర్స్ హాస్టల్లో ఉంటారు. అందులో కాత్యా అనే అమ్మాయికి కాలేజీ ఎంట్రన్స్‌లో రెండు మార్కులు తగ్గి సీటు పోతుంది, ఫ్యాక్టరీలో పని చేస్తుంటుంది, ఒకడు మోసం చేస్తాడు, కడుపుతో ఉంటుంది, బిడ్డ పుడుతుంది. ఇక్కడే అసలు సీను. రాత్రి, హాస్టల్ గది, చంటిపిల్ల ఒకపక్క, పుస్తకాలు ఒకపక్క. కళ్లు మూసుకుపోతుంటే అలారం పెట్టుకుని ఏడుస్తూ పడుకుంటుంది. అలారం మోగుతుంది. లేస్తుంది. లేచేసరికి అది వేరే ఇల్లు, మంచి ఫ్లాటు, పక్క గదిలో ఎదిగిన కూతురు, ఈవిడ ఒక పెద్ద ఫ్యాక్టరీకి డైరెక్టర్, బయటికొచ్చి సొంత కారెక్కి వెళ్లిపోతుంది. ఒక్క అలారంతో ఇరవై ఏళ్లు ఎగిరిపోయాయి!

మీవాడు ప్రేమలో పడింది ఆ కట్‌తోనే అని నా అనుమానం. పడితే తప్పు లేదు, నాకూ ఒళ్లు జలదరించింది. కానీ ఆ కట్ పెట్టిన మనిషికి తన జీవితంలో అలాంటి కట్ దొరకలేదు, అదీ వాడు మీకు చెప్పని ముక్క, బహుశా వాడు కూడా గమనించని ముక్క.

లెక్క చూడండి. 1957లో స్కూలు అయిపోగానే మెన్షోవ్ మాస్కో వెళ్లి వ్గిక్‌లో యాక్టింగ్‌కి ట్రై చేశాడు (మీవాడు చేరతానంటున్నది అదే, 1919లో పెట్టిన స్కూలు, మన పేపర్లలో వీజీఐకే అని రాస్తారు), సీటు రాలేదు. తిరిగి తను పెరిగిన ఊరు ఆస్త్రాఖాన్ వచ్చి ఫ్యాక్టరీలో లేత్ మీద పని నేర్చుకున్నాడు, తర్వాత వొర్కుతాలో బొగ్గు గని, అది ఆర్కిటిక్ సర్కిల్‌కి కూడా పైన ఉండే ఊరు, అక్కడ చలి ఎలా ఉంటుందో మీవాడినే అడగండి ఇప్పుడు వాడికి కొంచెం తెలిసుంటుంది. తర్వాత బాకూలో డైవర్ల బోటు మీద సెయిలర్, ఆ తర్వాత మళ్లీ ఆస్త్రాఖాన్‌లో డ్రామా థియేటర్‌లో చిన్నాచితకా పని. 1961లో గానీ సీటు దొరకలేదు, అదీ సినిమా స్కూల్లో కాదు, మాస్కో ఆర్ట్ థియేటర్ వాళ్ల స్కూల్లో. నాలుగేళ్లు యాక్టింగ్ చదివాడు. అక్కడే క్లాస్‌మేట్ వేరా అలెంతొవాని పెళ్లి చేసుకున్నాడు, కాత్యాగా చేసింది ఆవిడే.

1965లో చదువైపోయింది, సోవియట్ రోజుల్లో చదువయ్యాక గవర్నమెంటే ఎక్కడికి పంపితే అక్కడికి పోవాలి కదా, ఆవిడకి మాస్కోలో థియేటర్ వచ్చింది, ఈయన్ని దక్షిణాన స్తావ్రొపోల్ పంపారు. పెళ్లాం ఒక ఊరు మొగుడు ఒక ఊరు, రెండేళ్లు. 1967లో వ్గిక్‌లోనే డైరెక్షన్‌లో పీజీ లాంటి దాంట్లో చేరాడు, మిఖాయీల్ రోమ్ దగ్గర. ఈ రోమ్ అంటే తార్కోవ్‌స్కీ, షుక్షిన్ లాంటి పేరున్న డైరెక్టర్లకి కూడా పాఠాలు చెప్పిన మేష్టారు. 1970లో అది అయింది. అయ్యాక డైరెక్టర్ అయిపోయాడా అంటే, కాలేదు! యాక్టర్‌గా వేషాలు వచ్చాయి. 1972లో ఒక సినిమాలో కొల్హోజ్, అంటే ఉమ్మడి వ్యవసాయ క్షేత్రం, దానికి కుర్ర చైర్మన్‌గా మెయిన్ రోల్ చేసి పేరు తెచ్చుకున్నాడు. దానికి స్క్రిప్టు రాసింది వలెంతీన్ చెర్నిఖ్. ఆస్కార్ సినిమాకి స్క్రిప్టు రాసింది కూడా ఆ చెర్నిఖే. చూశారా, యాక్టర్‌గా తిరిగిన చోట తగిలిన మనిషి డైరెక్టర్‌గా పనికొచ్చాడు, దీన్ని ఏ కాలేజీ ప్రాస్పెక్టస్‌లోనూ రాయరు.

డైరెక్టర్‌గా మొదటి పెద్ద సినిమా ఎప్పుడంటే 1976. స్కూలు పిల్లల కథ, బాగా ఆడింది. 1957 నుంచి 1976, పంతొమ్మిదేళ్లు. కాత్యా అలారం పెట్టడానికి, అది మోగడానికి మధ్య సినిమా ఎన్నేళ్లు దాటేసిందో ఆయనకి ఇంచుమించు అన్నేళ్లే పట్టింది, కాకపోతే ఆయన ఒక్కొక్క రోజూ నిద్ర లేచి గడపాల్సి వచ్చింది. మీవాడితో ఈ లెక్క మీరు మాట్లాడండి. "చూశావా ఎంత కష్టమో, మానెయ్" అని కాదండోయ్, అలా అంటే వాడు ఇంకా మొండికేస్తాడు, ఇరవై ఏళ్ల కుర్రాడికి కష్టం అనే మాట ఒక మెడల్ లాగా కనపడుతుంది. "ఆ పంతొమ్మిదేళ్లలో ఆయన ఏం తిన్నాడు, ఎవరు పెట్టారు, నీకు ఎవరు పెడతారు" అని అడగండి.

ఎందుకంటే ఆయనకి హాస్టల్ సీటు, స్టైపెండు, చదువయ్యాక ఉద్యోగం, సినిమాకి డబ్బు అన్నీ గవర్నమెంటువే. మెచ్చినా గవర్నమెంటే తొక్కినా గవర్నమెంటే. ఆ దేశం ఇప్పుడు లేదు. ఇప్పుడు వ్గిక్‌లో ఫారిన్ స్టూడెంట్ అంటే మామూలుగా డబ్బు కట్టి చదవడమే, స్కాలర్‌షిప్ కోటా ఉంటుంది గానీ దాని మీద ఆశ పెట్టుకుని లోను తీసుకోకూడదు.

ఇంకొకటి, "రెండూ చేస్తా" అన్నాడు కదా, ఇది చాలామంది పిల్లలు అంటారు, వాళ్ల ఉద్దేశంలో రెండూ అంటే నా సినిమా నేనే డైరెక్ట్ చేసి నేనే హీరో. మెన్షోవ్ రెండూ చేశాడు, నిజమే, కానీ ఎలా చేశాడో చూడండి. డైరెక్ట్ చేసిన పెద్ద సినిమాలు మొత్తం జీవితంలో ఐదు. అయిదంటే అయిదే. 1976ది, ఆస్కార్ది, 1984లో పావురాలు పెంచుకునే మొగుడి కథ ఒకటి, అది రష్యాలో ఇప్పటికీ పండక్కి టీవీలో వస్తే ఇంటిల్లిపాదీ చూస్తారు, 1995లో ఒక కామెడీ, 2000లో చివరిది. వేషాలు మాత్రం వంద దాకా వేశాడు. హీరో వేషాలు కావు ఎక్కువ. 2004లో వచ్చిన "నైట్ వాచ్"లో మంత్రగాళ్ల బాస్ గేసెర్, ఒక సీరియల్లో రెండో ప్రపంచ యుద్ధం నాటి సేనాని మార్షల్ జూకొవ్, 2013లో హాకీ సినిమా ఒకటి వస్తే అందులో చిరాకు పుట్టించే పార్టీ పెద్ద. డైరెక్షన్ అనేది ఆయనకి కూడా అయిదారేళ్లకొకసారి దొరికిన పని, మధ్యలో పొయ్యి వెలిగింది యాక్టింగ్‌తో. ఆస్కార్ సినిమాలో గోషా అని అద్భుతమైన మగ పాత్ర ఉంది, ఎవరైనా డైరెక్టర్ కమ్ యాక్టర్ అయితే లాగేసుకునే పాత్ర, ఆయన అలెక్సేయ్ బతాలొవ్‌కి ఇచ్చాడు. మీవాడు తన మొదటి కథలో మంచి పాత్రని వేరేవాడికి ఇవ్వగలడా? ఊరికే అడిగి చూడండి, జవాబు కన్నా ముందు ఎంతసేపు ఆగాడో చూడండి.

సరే, ఇప్పుడు మెడికల్ సంగతి, ఇది ముఖ్యం, ఇక్కడ సెంటిమెంట్ పనిచెయ్యదు. మన ఎన్ఎంసీ, అంటే నేషనల్ మెడికల్ కమిషన్, 2021 రూల్స్ ప్రకారం విదేశీ ఎంబీబీఎస్ కోర్సు కనీసం 54 నెలలు, ఆ పైన 12 నెలల ఇంటర్న్‌షిప్, మొత్తం ఒకే యూనివర్సిటీలో, చేరిన రోజు నుంచి పదేళ్లలోపు అయిపోవాలి. అంటే ఇప్పుడు పేరు తీయించుకుని, రెండేళ్ల తర్వాత సినిమా కుదర్లేదని వేరే యూనివర్సిటీలో నాలుగో సంవత్సరంలో చేరతానంటే ఇండియాలో చెల్లదు, మళ్లీ మొదటి నుంచే. పైగా వాడి వీసా ఆ యూనివర్సిటీ పేరు మీద ఉంది, పేరు కొట్టేస్తే వీసా కూడా పోతుంది, కొత్త చోట అడ్మిషన్ చేతిలో పెట్టుకోకుండా ఒక్క కాగితం మీద కూడా సంతకం పెట్టొద్దని గట్టిగా చెప్పండి. అకడమిక్ లీవ్ అని ఒకటి ఉంటుంది, దాని షరతులు వాడి డీన్ ఆఫీసులోనే అడగాలి, ఏజెంటుని కాదు. ఏజెంట్లకి మీవాడు ఎక్కడ చేరినా కమిషనే.

వ్గిక్ ఎంట్రన్స్ కూడా మన నీట్ లాగా సున్నాలు నింపేది కాదు. యాక్టింగ్‌కి అయితే కమిటీ ముందు నిలబడి ఒక నీతికథ, ఒక పద్యం, కొంత వచనం నోటికి చెప్పాలి, రష్యన్‌లో, ఒక రౌండ్ దాటితే ఇంకో రౌండ్. మీవాడికి రష్యన్ వచ్చు అంటాడు, వచ్చే ఉంటుంది, హాస్పిటల్‌కి పోతే "గ్దే బలీత్", ఎక్కడ నొప్పి అని అడిగేంత. నొప్పి ఎక్కడని అడగడం వేరు, అక్కడి పిల్లలందరూ చిన్నప్పటి నుంచి వల్లెవేసిన క్రిలోవ్ (వాళ్ల నీతికథల కవి) కథని, వందసార్లు విని విసిగిపోయిన మేష్టర్ల ముందు చెప్పి నవ్వించడం వేరు. మన దగ్గర సుమతీ శతకం పద్యాన్ని ఒక రష్యా కుర్రాడు వచ్చి చెప్తే ఎలా వింటామో ఊహించుకోండి, ముద్దొస్తుంది, సీటు ఇస్తామా మరి?

నా మాట ఏంటంటే డిగ్రీ పూర్తి చెయ్యమనండి. ఇంకో మూడేళ్లు. పూర్తి చేస్తే తలుపులు మూసుకుపోవు, గవర్నమెంటు సినిమా స్కూళ్లున్నాయి, పుణె ఎఫ్‌టీఐఐలో, కోల్‌కతా ఎస్‌ఆర్‌ఎఫ్‌టీఐలో డైరెక్షన్ కోర్సు ఉంది, ఏ డిగ్రీ అయినా పనికొస్తుంది, ఎంబీబీఎస్ కూడా డిగ్రీయే. పుణెలో యాక్టింగ్ కోర్సు కూడా ఉంది. మెన్షోవ్ రోమ్ దగ్గర చేరింది కూడా ఇరవయ్యేడో ఏట, అప్పటికి ఒక చదువు పూర్తిగా చేతిలో పెట్టుకుని. డాక్టర్ చదివి సినిమాల్లోకి వచ్చినవాళ్లు మనకి కొత్త కాదు, ప్రభాకర్ రెడ్డి గారు ఎంబీబీఎస్, రాజశేఖర్ గారు డాక్టరే. స్టెత్ మెడలో ఉన్నంత మాత్రాన కెమెరా ఎవరూ లాక్కోలేదు.

కానీ మీరు కూడా ఒక పని చెయ్యాలి. "ముందు డాక్టర్ అవ్వు తర్వాత చూద్దాం" అనే మాట వాడకండి, ఆ "చూద్దాం"కి అర్థం పిల్లలకి అయిదో క్లాసులోనే తెలిసిపోతుంది. దాని బదులు ఇప్పుడే ఏదో ఒకటి ఒప్పుకోండి. వాడి దగ్గర ఫోన్ ఉంది, హాస్టల్ ఉంది, చుట్టూ నాలుగు దేశాల పిల్లలు ఉన్నారు, ఆ హాస్టల్ కామన్ కిచెన్ ఒక్కటి చాలు, పప్పుచారు వాసన ఒకపక్క బోర్ష్ అనే బీట్‌రూట్ సూపు ఒకపక్క, ఎవడి గిన్నె ఎవడు కడగలేదని గొడవ. అక్కడ మూడు నిమిషాల సినిమా తియ్యమనండి, ఎండాకాలం సెలవులకి వచ్చేలోపు. వాడు అందులో కనపడకూడదు, అదొక్కటే షరతు. ఎడిటింగ్ వాడే చెయ్యాలి. తీస్తే వచ్చే ఏడాది ఇంకోటి, ఒక మంచి మైకు మీరు కొనిపెట్టండి, ఎరువుల షాపు లెక్కలో అది రెండు బస్తాల డబ్బు కూడా కాదు.

తియ్యలేదనుకోండి, పరీక్షలని, టైం లేదని సాకులు చెప్పాడనుకోండి, తిట్టకండి, గుర్తు పెట్టుకోండి అంతే. వచ్చాక ఇంట్లో కూర్చుని ఆ మాస్కో సినిమా ముగ్గురూ కలిసి చూడండి, అలారం సీను దగ్గర పాజ్ చేసి ఆ మధ్యలో ఏం జరిగి ఉంటుందో చెప్పమనండి వాణ్ణి, అమ్మగారికి చెప్పమనండి, తెలుగులో. చెప్పగలిగితే నాకో ఫోన్ కొట్టండి, మూడు నిమిషాలది తీస్తే ఫార్వర్డ్ చెయ్యండి, నేను చూస్తా.